ఈ కాలం పిల్లలు అనే ముందు

(సంఘం వార్షిక సభలో ఉపాధి సహాయ ఉపసంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చదువు గురించి, ఆరోగ్యం గురించి, పెళ్ళిళ్ళ ఖర్చు గురించి ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. ఈసారి మేము వాటి జోలికి పోవడం లేదు. రోజూ మనందరి నోటా అలవోకగా దొర్లే ఒక చిన్న మాట గురించి నాలుగు ముక్కలు మనవి చేద్దామని నిలబడ్డాము. ఆ మాట యేమిటంటే, "ఈ కాలం పిల్లలకు పని మీద ధ్యాస లేదండీ" అన్నది. దుకాణంలో అంటాము, ఆఫీసులో అంటాము, ఇంట్లో భోజనాల దగ్గర అంటాము. అనేసి మరిచిపోతాము. కాని ఆ మాట ఎవరి మీద పడిందో వాళ్ళు మరిచిపోరు. ఒక్కొక్కప్పుడు ఆ మాట వల్ల ఒకరి అన్నం పోతుంది. అలా పోగొట్టిన వారిలో మేమూ ఉన్నాము గనుక, ముందు మా తప్పు చెప్పుకొని తర్వాత మిగతా విషయానికి వస్తాము.

మా ఉపసంఘం దగ్గర ఒక రిజిస్టరు ఉన్న సంగతి మీకు తెలుసు. పని కావలసిన పిల్లల పేర్లు, చదువు, తెలిసిన పనులు అందులో రాసుకుంటాము. చివర "రిమార్కులు" అని ఒక గడి ఉంటుంది. ఒక కుర్రవాడి పేరుకెదురుగా ఆ గడిలో మేము "నిలకడ లేదు" అని రెండు మాటలు రాశాము. కారణం, మా సిఫారసు మీద ఒక దుకాణంలో చేరిన ఆ అబ్బాయి నాలుగో నెలలో చెప్పాపెట్టకుండా మానేశాడు. యజమాని మా దగ్గరకు వచ్చి, "మీరు పంపినవాడే గదా భాయి, ఈ కాలం పిల్లలింతే" అన్నాడు. మేము తలూపాము. పిల్లవాణ్ణి పిలిచి ఒక్క ప్రశ్న వేసిన పాపాన పోలేదు. ఆ తర్వాత రెండుసార్లు వేరే చోట్ల నుంచి మనిషి కావాలని అడిగారు. రెండుసార్లూ ఆ గడి చూసి అతని పేరు దాటవేశాము.

ఏడాది గడిచాక ఆ అబ్బాయి తల్లి వేరే పని మీద, చిన్న కూతురి ఫీజు సంగతి మాట్లాడటానికి, ఆఫీసుకు వచ్చింది. మాటల మధ్యలో అడిగాము, "మీవాడు ఆ దుకాణం ఎందుకు మానేశాడమ్మా?" అని. ఆమె అన్న మాటలు యథాతథంగా చెబుతున్నాము. "రెండు నెలల జీతం అక్కడే ఉండిపోయిందన్నా. అడిగితే రేపూ మాపూ అన్నారు. పొద్దున తొమ్మిదింటికి పోతే రాత్రి పదకొండు. బస్సు చార్జీలు గూడా నా దగ్గరే తీసుకునేవాడు. మానక ఏం చేస్తాడు?" మరి ఆ సంగతి మాకు చెప్పలేదేమమ్మా అంటే ఆమె, "మీరు అడిగితే గదన్నా చెప్పేది" అంది.

ఆ మాట విన్న తర్వాత మాకు నోట మాట రాలేదు. నిలకడ లేనిది ఎవరికి? నెలనెలా జీతమివ్వని యజమానికా, మూడు నెలలపాటు ఓర్చుకున్న పిల్లవాడికా? మేము రాసిన రెండు మాటలకు అతనికి ఒక సంవత్సరం నష్టం. ఆ సంవత్సరం మేము తిరిగి ఇవ్వలేము. కనీసం ఇలాంటి మాటలు ఎక్కడినుంచి వస్తాయో, వాటిలో నిజమెంతో తెలుసుకుందామని నాలుగు విషయాలు చదివాము. వాటినే మీ ముందుంచుతున్నాము.

ఇప్పుడు ఈ మాటలకు ఇంగ్లీషు పేర్లు కూడా వచ్చాయి. హైదరాబాదు కంపెనీలలో పనిచేస్తున్న మన పిల్లలను అడగండి. శిక్షణ తరగతులలో "బూమర్", "జెన్ ఎక్స్", "మిలీనియల్", "జెన్ జీ" అంటూ పుట్టిన సంవత్సరాన్ని బట్టి మనుషులను అరల్లో సర్ది, ఒక్కో అరకు ఒక్కో స్వభావం అంటగడతారట. బూమర్ కష్టజీవి, కాని కొత్త పని నేర్చుకోడు. మిలీనియల్ పొగడ్త లేనిదే కదలడు. జెన్ జీ రేపు ఉంటాడో లేదో చెప్పలేము. ఇవీ ఆ స్వభావాలు. వినడానికి సరదాగా ఉంటుంది. మరి ఈ గీతలు ఎవరు గీశారు?

అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946 నుంచి 1964 వరకు, జననాలు బాగా పెరిగాయి. ఆ పందొమ్మిదేళ్ళలో అక్కడ సుమారు 7 కోట్ల 60 లక్షల మంది పుట్టారు. ఆ ఉప్పెనకు "బేబీ బూమ్" అని పేరు పెట్టారు. ఇది జనాభా లెక్కల్లో కనిపించే నిజమైన సంఘటన. కాదనము. ఆ తర్వాతి పేర్ల కథ వేరు. 1991లో డగ్లస్ కూప్‌లాండ్ అనే రచయిత "జెనరేషన్ ఎక్స్" అని ఒక నవల రాశాడు. ఆ పేరు జనం నోట్లో నిలిచిపోయింది. అదే సంవత్సరం విలియం స్ట్రాస్, నీల్ హవ్ అనే ఇద్దరు అమెరికా చరిత్రను తరాలుగా విడగొట్టి ఒక పుస్తకం వేశారు. మిలీనియల్ అన్న పేరు వాళ్ళు పెట్టినదే. 1981 నుంచి 1996 దాకా పుట్టినవారు మిలీనియల్స్, 1997 నుంచి పుట్టినవారు ఆ తర్వాతి తరం అన్న గీతను అక్కడి ప్యూ పరిశోధన కేంద్రం 2018లో ప్రకటించింది. ఇవి కచ్చితమైన శాస్త్రం కాదని, పనికొచ్చే కొలబద్దలు మాత్రమేనని ప్రకటించినవారే చెప్పుకున్నారు. ఆ జాగ్రత్త మాటను వదిలేసి మనవాళ్ళు గీతలను మాత్రం తెచ్చుకున్నారు.

1946కు, 1964కు మన దేశంలో ఏం సంబంధం? మన గీతలు వేరు. 1947 స్వాతంత్ర్యం, దేశ విభజన మనకు గీత. తెలంగాణ పెద్దలకు 1948 గీత. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడటం, 1991లో ఆర్థిక విధానం మారటం, 1995లో దేశంలో మొదటి మొబైలు ఫోను మాట మోగటం, 2014లో రాష్ట్రం రెండు కావటం, ఇవన్నీ మనకు గీతలు. అవి గూడా అందరికీ ఒకేలా తగలలేదు. 1997లోనే పుట్టిన ఇద్దరు పిల్లలను తీసుకోండి. ఒకడు హైదరాబాదులో ఇంగ్లీషు బడిలో చదివి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంకొకడు పదో తరగతి మధ్యలో ఆపి లారీ గ్యారేజీలో ఉస్తాదు దగ్గర స్పానర్లు అందించాడు. ఇద్దరినీ ఒకే అరలో వేసి, ఇద్దరిదీ ఒకే స్వభావమనడం ఏం న్యాయం? కార్ల్ మన్‌హైమ్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త 1928లోనే తరాల గురించి పెద్ద వ్యాసం రాశాడు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒకే తరం అయిపోరని, మారుమూల పల్లెలోని రైతుబిడ్డకు, పట్నంలోని యువకుడికి కాలం ఒకే విధంగా తగలదని ఆయన అప్పుడే గుర్తించాడు. దాదాపు వందేళ్ళ నాటి ఆ మాటను శిక్షణ తరగతులవారు చదివినట్టు లేదు.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాము. ఒక పాతికేళ్ళ కుర్రవాడు ఏడాదిలో రెండు ఉద్యోగాలు మారాడనుకోండి. దానికి మూడు రకాల కారణాలు ఉండవచ్చు. ఒకటి వయసు. ఏ కాలంలోనైనా పాతికేళ్ళవాడు తనకు సరిపడే పనిని వెతుక్కుంటాడు, పెళ్ళీ పిల్లలూ వచ్చాక స్థిరపడతాడు. రెండోది కాలం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటినుంచి పనిచేయడం ఇరవయ్యేళ్ళవాడికీ వచ్చింది, యాభయ్యేళ్ళవాడికీ వచ్చింది. మూడోది మాత్రమే తరం. అంటే ఆ ఏట పుట్టినవారికి ఒంటికి అంటి, జీవితాంతం వదలని లక్షణం. ఈ మూడింటినీ విడదీయడం మహా కష్టమని శాస్త్రజ్ఞులే అంటున్నారు. ఎందుకంటే మనిషి వయసు, ఇప్పటి సంవత్సరం తెలిస్తే పుట్టిన సంవత్సరం దానంతటదే తేలిపోతుంది. మూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. వయసు వల్ల వచ్చినదాన్ని తరానికి అంటగట్టడం మనం నిత్యం చేసే పొరపాటు.

లెక్కలు ఏమంటున్నాయో వినండి. ఉద్యోగాలు మారడం ఈ కాలపు జబ్బు అంటాము గదా. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంక శాఖ 1957 నుంచి 1964 మధ్య పుట్టిన కొన్ని వేలమందిని 1979 నుంచి వెంటబడి లెక్క రాస్తూ వచ్చింది. వీళ్ళెవరు? "కష్టజీవులు, నిలకడ గలవారు" అని పేరు పడ్డ బూమర్లే. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి యాభైల మధ్య దాకా వాళ్ళు సగటున 12కు పైగా ఉద్యోగాలు చేశారు. అందులో దాదాపు సగం పాతికేళ్ళు నిండకముందే చేసి వదిలేసినవి. ఇంకొకటి. ప్యూ కేంద్రం 2016లో 18 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉద్యోగులను చూస్తే, ఒకే యజమాని దగ్గర 13 నెలలైనా పనిచేస్తున్నవారు 63 శాతానికి కొంచెం పైన ఉన్నారు. 2000 సంవత్సరంలో అదే వయసులో ఉన్న ముందటి తరంవారిలో అలాంటివారు 60 శాతం. అంటే నిలకడ తగ్గలేదు సరిగదా, ఒక వీసం పెరిగింది. మరి పెద్దవాళ్ళకు ఈ సంగతి ఎందుకు గుర్తులేదు? మనం కుర్రతనంలో మానేసిన పనులు మనకు గుర్తుండవు, పక్కవాడి కొడుకు మానేసిన పని మాత్రం గుర్తుంటుంది.

2012లో డేవిడ్ కాస్టాంజా మరికొందరు కలిసి, ఉద్యోగ తృప్తి, సంస్థ మీద మమకారం, మానేయాలన్న ఆలోచన, ఈ మూడింటి మీద తరాల మధ్య తేడా కోసం అంతకుముందు జరిగిన 20 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. తేడాలు చిన్నవిగాను, చాలా చోట్ల దాదాపు సున్నాగాను తేలాయి. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు, అక్కడి సైన్యానికి చెందిన పరిశోధన సంస్థ కోరిక మీద, ఈ విషయంపై ఒక నివేదిక వెలువరించాయి. తరాల పేర్లను ఆధారంగా చేసుకొని ఉద్యోగులను నడిపించడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని, ఆ పద్ధతి మానుకోవాలని అందులో సలహా ఇచ్చారు. మరుసటి ఏడు 2021లో ఫిలిప్ కోహెన్ అనే సామాజికశాస్త్ర ఆచార్యుడు, నూరుమందికి పైగా పరిశోధకుల సంతకాలతో, ఈ పేర్లు వాడవద్దని ప్యూ కేంద్రానికి బహిరంగ లేఖ రాశాడు. 2023లో ఆ కేంద్రం తన పద్ధతి మార్చుకుంటున్నట్టు, ఒకే వయసులో ఉన్నప్పటి లెక్కలు దొరికితేనే తరాలను పోలుస్తామని ప్రకటించింది. గీత గీసినవారే చెయ్యి వెనక్కు తీసుకుంటుంటే, మనం ఆ గీతను పట్టుకు వేలాడటం ఎందుకు?

ఈ ఫిర్యాదు కొత్తది కాదు. సోక్రటీసు చెప్పాడంటూ ఒక మాట మన ఫోన్లలో తిరుగుతుంటుంది, పిల్లలు పెద్దలను గౌరవించరు అని. నిజానికి అది సోక్రటీసు మాట కాదు. కెనెత్ జాన్ ఫ్రీమన్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి ప్రాచీన గ్రీకుల విద్యావిధానం మీద రాసిన పరిశోధన గ్రంథం 1907లో అచ్చయింది. ఆ కాలపు పెద్దల ఫిర్యాదులను అతను తన మాటల్లో కుదించి రాసిన వాక్యాలే తర్వాత సోక్రటీసు నెత్తిన పడ్డాయి. మాట ఎవరిదైనా ఒక సంగతి తేలుతోంది. గ్రీకు దేశంలోనూ పెద్దలు ఇదే అన్నారు. దగ్గరి కాలానికి వద్దాము. 1976లో టామ్ వుల్ఫ్ అనే అమెరికా రచయిత తన కాలాన్ని "నేను, నేను" అనే దశాబ్దంగా వర్ణించాడు. అప్పటి యువకులెవరు? బూమర్లు. 2013లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద "నేను నేను నేను తరం" అని అచ్చువేసింది. ఈసారి ఆ మాట పడింది మిలీనియల్స్ మీద. ఇవాళ ఆ మిలీనియల్సే మేనేజర్లై, తర్వాతివాళ్ళను అదే మాట అంటున్నారు. అత్తా ఒకింటి కోడలే అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఎందుకిలా జరుగుతుందో 2019లో జాన్ ప్రాట్జ్‌కో, జొనాథన్ స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. పెద్దలకు విధేయత ముఖ్యమని నమ్మేవారికి పిల్లల్లో గౌరవం తగ్గినట్టు కనిపిస్తుందట. తెలివిగలవారికి పిల్లల తెలివి తగ్గినట్టు కనిపిస్తుందట. బాగా చదివే అలవాటున్నవారికి పిల్లలు చదవడం మానేసినట్టు కనిపిస్తుందట. అంటే ఎవరికి ఏది ఎక్కువో అదే పిల్లల్లో తక్కువగా తోస్తుంది. ఇప్పటి తమ గుణాన్ని తమ బాల్యం మీద రుద్దుకొని, "మా రోజుల్లో అందరం ఇలాగే ఉండేవాళ్ళం" అనుకోవడం దీనికి ఒక కారణమని వారి అభిప్రాయం. దూరపు కొండలు నునుపు. మన యౌవనం గూడా ఇప్పుడు దూరపు కొండే.

అయితే తరాల మధ్య తేడా ఏమీ లేదా అంటే, ఉంది. కాని అది స్వభావంలో కన్నా షరతుల్లో ఎక్కువ. ఒక ఉదాహరణ. కేంద్ర ప్రభుత్వ కొలువులో 2004 జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కొలువులో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పెన్షను పద్ధతి లేకుండా పోయింది. జీతంలోంచి కొంత కోసి జమచేసే కొత్త పద్ధతి వచ్చింది. ఒకే బడిలో ఇద్దరు పంతుళ్ళు, ఒకే బోర్డు, ఒకే సుద్దముక్క. ఒకరు 2003లో చేరారు, ఒకరు 2005లో చేరారు. ఆ రెండోవారికి రేపటి గురించి ఉన్న బెంగను "ఈ కాలంవాళ్ళకు ఓపిక లేదు" అనడం ధర్మమా? అలాగే మన పెద్దలు చాలామంది పర్మనెంటు ఉద్యోగంలో చేరి పర్మనెంటుగానే రిటైరయ్యారు. ఇవాళ పిల్లవాడు కాంట్రాక్టు మీద, ఏజెన్సీ ద్వారా, పదకొండు నెలల కాగితం మీద చేరుతున్నాడు. పన్నెండో నెల గురించి మాట ఇవ్వని సంస్థ, జీవితకాలం విశ్వాసం కావాలని అడిగితే ఏమనాలి? విశ్వాసమనేది తక్కెడ. ఒక పళ్ళెం ఖాళీగా ఉంచి రెండోది దిగాలంటే దిగదు.

ఉద్యోగాల కరువు సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. భారత ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 2023-24లో దేశం మొత్తం మీద నిరుద్యోగం 3.2 శాతం. 15 నుంచి 29 ఏళ్ళ వారిలో మాత్రం అది 10.2 శాతం. మూడు రెట్లకు పైమాటే. గడ్డు కాలంలో చదువు ముగించి పనిలో చేరినవారికి ఆ దెబ్బ చాలాకాలం ఉంటుంది గూడా. కెనడాలో పట్టభద్రుల మీద జరిగిన పరిశోధనలో, మాంద్యం ఉన్న ఏట బయటికొచ్చినవారి సంపాదన మొదట సుమారు 9 శాతం తగ్గి, ఆ లోటు పూడటానికి పదేళ్ళు పట్టిందని తేలింది. వాళ్ళు ఆ లోటును పూడ్చుకున్న మార్గమేమిటో తెలుసా? చాలామట్టుకు మెరుగైన యజమానుల దగ్గరకు మారడం. దాన్నే మనం నిలకడ లేకపోవడం అంటున్నాము.

పని గంటల మాట కూడా ఒకటుంది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు దేశంలోని యువకులు వారానికి 70 గంటలు పనిచేయడానికి ముందుకు రావాలన్నారు. దానిమీద దేశమంతా వాదప్రతివాదాలు జరిగాయి. ఆయన కష్టపడి పైకొచ్చినవారు, అందులో సందేహం లేదు. కాని 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలను హద్దుగా పెట్టింది. ఆ హద్దు కోసం పోరాడింది ఎవరు? ఈ కాలం పిల్లలు కాదు, మన తాతలు. ఎనిమిది గంటల పని కావాలని తాతలడిగితే చరిత్ర అయ్యింది, మనవడు అడిగితే సోమరితనమయ్యింది.

ఇంతవరకు పెద్దలను మాత్రమే అన్నాము. వెనక నిలబడ్డ కుర్రవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. బాబూ, మీ వంతు గూడా ఉంది. 2019లో "ఓకే బూమర్" అనే మాట లోకమంతా పాకింది. న్యూజిలాండు పార్లమెంటులో ఒక యువ సభ్యురాలు ఆ మాటతో పెద్ద సభ్యుడికి బదులిచ్చింది. పెద్దాయన ఏం చెబుతున్నాడో వినకుండా "పాతకాలం మనిషి" అని కొట్టిపారేయడం గూడా చీటీ అంటించడమే. యాభయ్యేళ్ళు దాటిన మనిషి ఉద్యోగం పోగొట్టుకుంటే, "ఈయన కొత్త మిషను ఏం నేర్చుకుంటాడు" అని ఇంటర్వ్యూకే పిలవని వాళ్ళున్నారు. అమెరికాలో 40 దాటిన ఉద్యోగులను వయసు పేరుతో తక్కువ చూడరాదని 1967లోనే చట్టం చేయవలసి వచ్చిందంటే ఈ బాధ ఎంత పాతదో ఆలోచించండి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నిజమే, కాని చెవులు లేని కొమ్ములు ఎందుకు? వినడం గూడా పనిలో భాగమే.

తప్పులు చేసే పిల్లలు లేరని మేమనడం లేదు. చెప్పకుండా మానేసేవారున్నారు. పని వేళలో ఫోను చూసుకునేవారున్నారు. గిరాకీ నిలబడి ఉంటే తల ఎత్తనివారున్నారు. వాళ్ళను మందలించాలి. కాని ఆ మందలింపు ఆ మనిషికి, ఆ పనికి చెందాలి. "నువ్వు నిన్న చెప్పకుండా రాలేదు, దానివల్ల డెలివరీ ఆగింది" అంటే అది తప్పు చూపడం. అతను దిద్దుకోవచ్చు. "మీ తరమే అంత" అంటే అతను ఏం దిద్దుకుంటాడు? పుట్టిన సంవత్సరాన్ని దిద్దుకోగలడా? మొదటి మాటకు సిగ్గుపడతాడు, రెండో మాటకు మొండికేస్తాడు. మన ఉస్తాదులకు ఈ సంగతి బాగా తెలుసు. మంచి ఉస్తాదు షాగిర్దును చెవి మెలిపెట్టేవాడేమో గాని, "నీ తరం పనికిరాదు" అని ఎన్నడూ అనలేదు. అలా అనుకుంటే తన విద్య ఎవరికి ఇచ్చి పోతాడు?

కనుక మా మనవి యేమంటే, పిల్లలను పనిలో పెట్టుకునే సభ్యులు ముందుగా నాలుగు సంగతులు తేల్చి చెప్పాలి. జీతమెంత, ఏ తేదీన ఇస్తారు. పని వేళలేమిటి. సెలవు ఎన్నాళ్ళు. ఇక్కడ ఏం నేర్చుకుంటాడు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాట చాలదా అనవద్దు, రాసుకుంటే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. ఎవరైనా మానేస్తే, తరాన్ని తిట్టే ముందు ఒక్కసారి పిలిచి ఎందుకని అడగండి.

ఇక బిడ్డలకు. మానేయాలనుకుంటే మానండి, అది మీ హక్కు. కాని చెప్పి మానండి. కనీసం పదిహేను రోజులు ముందు చెప్పండి. మీరు చెప్పకుండా పోతే, మీ వెనక వచ్చే ఇంకో పిల్లవాడికి తలుపు మూసుకుంటుంది. జీతం ఆగినా, ఎక్కువ గంటలు పని చేయించుకున్నా మా దగ్గరకు రండి. ఆ తల్లి అన్నట్టు, మీరు అడిగితే గదా అని ఇంకెవరూ మమ్మల్ని అనకూడదు. అందుకని ఈసారి ముందుగా మేమే అడుగుతాము.

చివరిగా మా సంగతి. రిజిస్టరులోని ఆ "రిమార్కులు" గడి తీసేశాము. దాని స్థానంలో రెండు గడులు పెట్టాము. ఒకటి, "మానడానికి కారణం, అభ్యర్థి మాటల్లో". రెండోది, "మానడానికి కారణం, యజమాని మాటల్లో". రెండూ నిండకుండా ఏ పేరూ పక్కన పెట్టరాదని ఉపసంఘం తీర్మానించింది. దీనివల్ల మాకు పని కొంచెం పెరిగింది, ఇద్దరి ఇళ్ళకూ తిరగవలసి వస్తోంది. తిరుగుతాము. ఎవరి పేరుకెదురుగా మేము తొందరపడి రెండు మాటలు రాశామో ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి, అతని తల్లి ఎదుట పొరపాటు ఒప్పుకున్నాము. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. టీ తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు ఒక మొబైలు రిపేరు దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. జీతం ప్రతి నెలా ఏడో తేదీకి అందుతోందని విన్నాము.